పంట విరగకాసిన ఏడే నాన్నకు నష్టం ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి బి.ఏ. అర్థశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో చెట్లు విరగకాశాయి, అయినా నాన్నకు నష్టమే మిగిలింది. అంతకు ముందు ఏడు కాపు తక్కువైనా చేతిలో కాస్త డబ్బు ఆడింది. ధర గిట్టదని తెలిసి కూడా నాన్న కాయ కోయించారు. మా మేనమామ మాత్రం కోత కూలి దండగని కాయను చెట్టుమీదే వదిలేసి, నాన్నకు లెక్క తెలియదన్నారు. క్లాసులో ధరను నిర్ణయించేవి డిమాండ్, సప్లయ్ అని చెబుతున్నారు. అంటే మా నాన్నకు వచ్చిన ధర సరైనదేనా? ఆర్థికవేత్తలకు మనుషులు కనబడరా? నాన్న ఇప్పుడు చెట్లు కొట్టేద్దామంటున్నారు, నన్ను బి.కాం. కంప్యూటర్స్‌కు మారిపొమ్మంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ధర ఎందుకు పడిపోయింది అన్నది ఒకటి. ఆ ధర న్యాయమైనదా అన్నది రెండవది. ఇప్పుడు ఏం చేయాలన్నది మూడవది. మీ అధ్యాపకులు మొదటిదానికి సమాధానం చెప్పారు, మీరు దానిని రెండవదానికి చెప్పిన సమాధానంగా విన్నారు. అందులో మీ తప్పేమీ లేదు. ఉన్నదానికీ ఉండవలసినదానికీ మధ్య ఉన్న గీతను పాఠ్యపుస్తకాలు మొదటి అధ్యాయంలో ఒకటి రెండు వాక్యాలలో గీసి ముందుకు వెళ్లిపోతాయి. ఆర్థికవేత్తలు ఎలా ఆలోచిస్తారో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం ఆ గీత దగ్గర కొంతసేపు నిలబడి చూడాలి. వాన ఎందుకు కురవలేదో వివరించినవాడు కరవును సమర్థించినట్లు కాదు. ధర ఎందుకు పడిందో వివరించినవాడు ఆ ధరను మెచ్చుకున్నట్లు కూడా కాదు.

మొదటి ప్రశ్నతో ప్రారంభిద్దాం. ఒక తోటలో 10 టన్నుల కాయ దిగి, కిలో 20 రూపాయలు పలికిందనుకుందాం. రైతుకు 2 లక్షలు వస్తాయి. మరుసటి ఏడు 16 టన్నులు దిగి, ధర కిలో 6 రూపాయలకు పడిపోతే వచ్చేది 96 వేలే. ఇవి లెక్క తేటపడటం కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ మార్కెట్టువీ కావు. కాయ ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగితే రాబడి సగానికి దిగిపోవడానికి కారణాన్ని మీ పుస్తకం త్వరలోనే 'డిమాండ్ వ్యాకోచత్వం' అనే పేరుతో పరిచయం చేస్తుంది. ధర కొంచెం తగ్గగానే జనం విరివిగా కొనే సరుకుకు వ్యాకోచత్వం ఎక్కువ, ధర ఎంత తగ్గినా కొనుగోలు అంతగా పెరగని సరుకుకు తక్కువ. ఈ రెండవ రకం సరుకు అదనంగా పండినప్పుడు, ఆ అదనపు సరుకును కూడా ఎవరో ఒకరు కొనాలంటే ధర చాలా లోతుకు దిగవలసి వస్తుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ అనే గణాంకవేత్త పేరుమీద ప్రచారంలోకి వచ్చిన ఒక లెక్క, ధాన్యం దిగుబడి కొద్ది పాళ్లు తగ్గితే ధర అంతకంటె ఎన్నో పాళ్లు ఎక్కువగా పెరుగుతుందని చూపింది. మీ ఇంట్లో జరిగింది దాన్ని తిరగేసిన రూపం.

ఇక్కడ మరొక సంగతి గమనించండి. మీ ఒక్కరి తోటే విరగకాసి ఉంటే మీ నాన్నగారు నిజంగా లాభపడేవారు. అందరి తోటలూ కాయడం వల్లనే ఎవరికీ లాభం లేకపోయింది. ఒక్కరికి మేలు చేసేది అందరూ చేసినప్పుడు అందరికీ మేలు చేస్తుందనుకోవడం తర్కంలో ఒక దోషం, ఆర్థికవేత్తకు ఇచ్చే తొలి శిక్షణలో దాన్ని గుర్తుపట్టడం ఒక భాగం. ఈ సంగతి చెట్లు కొట్టే విషయంలో మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

తోతాపురికి గిరాకీ ఇంత బిగుసుకుపోయి ఉండటానికి కారణం దాని వాడకంలోనే ఉంది. బేనీషా (బంగినపల్లి) కాయను కొన్నట్లు తోతాపురిని జనం బుట్టలకొద్దీ ఇంటికి కొనుక్కుపోరు. మన జిల్లాలో పండే తోతాపురిలో పెద్ద భాగం గుజ్జు పరిశ్రమలకు చేరుతుంది, ఆ గుజ్జు పానీయాలు తయారుచేసే కంపెనీలకూ విదేశాలకూ వెళుతుంది. కాబట్టి మీ తోటలోని కాయకు ఉన్న డిమాండ్ ఎక్కడో సీసాల్లో నిండే పానీయానికి ఉన్న డిమాండ్ నుంచి పుట్టినది. పుస్తకాలలో దీనిని ఉత్పన్న డిమాండ్ అంటారు. 2025లో అంతకు ముందటి ఏడు తీసిన గుజ్జు అమ్ముడుపోకుండా నిల్వ ఉండిపోవడం, అదే ఏడు కాపు బాగా రావడం ఒకదానితో ఒకటి కలిశాయి. గోదాముల్లో పాత సరుకు పేరుకుపోయిన పరిశ్రమ, కాయ ధర మరో మూడు రూపాయలు తగ్గిందని రెండింతల కాయ ఆడించదు.

సప్లయ్ వైపు కూడా ఇంతే బిగువు. మన పక్కనే ఉన్న మదనపల్లె మార్కెట్టులో 2023 జూలై నెలాఖరుకు టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లి, సెప్టెంబరు నాటికి కుప్పకూలింది. టమాటా కొద్ది నెలల పంట కాబట్టి, రైతులు ఈనాటి ధరను చూసి నారు నాటుతారు, కోత నాటికి అందరి సరుకూ ఒకేసారి వచ్చి పడుతుంది, ధర పడిపోయాక అందరూ ఒకేసారి మానేస్తారు, దాంతో మళ్లీ పెరుగుతుంది. ఈ ఊగిసలాటను పటం మీద గీస్తే సాలెగూడులా కనబడుతుంది కనుక ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ 1934లో దానికి ఆ పేరే పెట్టారు. మామిడి రైతుకు మరుసటి పంటకు మానుకునే వెసులుబాటు కూడా లేదు. కాయడం మొదలుపెట్టిన చెట్టు ధర చూసి కాయడం ఆపదు.

ఇంతవరకూ చెప్పింది మీ క్లాసులో గీసే డిమాండ్, సప్లయ్ గీతల పటంలో ఇమిడిపోతుంది. ఇకపై చెప్పేది ఇమడదు, నా దృష్టిలో మీ నాన్నగారి కష్టంలో ముఖ్యమైన భాగం ఇక్కడే ఉంది. ఆ రెండు గీతల పటం వెనుక ఒక షరతు దాగి ఉంటుంది: కొనేవారూ అమ్మేవారూ లెక్కకు మిక్కిలిగా ఉండాలి, ఏ ఒక్కరూ తమంతట తాము ధరను కదిలించలేనంత చిన్నవారై ఉండాలి. అమ్మే రైతులు వేలమంది ఉన్నారు, సరే. కొనే పరిశ్రమలు ఎన్ని ఉన్నాయో మీ ఊరి రైతులు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పగలరు. కొనేవారు కొద్దిమందే అయినప్పుడు ధర పోటీ మార్కెట్టులో ఉండే ధరకంటె కిందనే నిలిచిపోగలదని కేంబ్రిడ్జి ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే విశ్లేషించి చూపారు. దీనికి తోడు కోసిన కాయ ఆగదు. టోకెను దొరక్క పరిశ్రమ గేటు ముందు ట్రాక్టరుతో రోజుల తరబడి వరుసలో నిలబడిన రైతుకు బేరమాడే శక్తి గంటగంటకూ తగ్గిపోతుంది. ర్యాంపు దగ్గర, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, అమ్మినవారి పరిస్థితి కూడా దాదాపు ఇంతే. కనుక 'డిమాండ్, సప్లయ్ నిర్ణయించాయి' అన్న మాట తప్పు కాదు గాని, ఎంతమంది కొనుగోలుదారులు, ఎవరికి ఎంతసేపు ఆగే శక్తి ఉంది అన్న ప్రశ్నలు అడగకుండా ఆ మాటతోనే ఆగిపోతే అది అసంపూర్తి అర్థశాస్త్రం.

ఇటువంటి ప్రశ్నలు అడగడం వల్ల ఉపయోగం ఏమిటో కేరళ చేపల ఉదాహరణ చెబుతుంది. 1997 నుంచి 2001 వరకు ఉత్తర కేరళ తీరంలో మొబైల్ ఫోన్లు ఒక్కొక్క ప్రాంతానికీ వస్తున్న కాలంలో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి సార్డీన్ చేపల మార్కెట్లను వారం వారం గమనించారు. ఫోన్లు రాకముందు ఒక రేవులో కొనేవారు లేక చేపలను పారబోస్తున్న రోజునే, కొన్ని మైళ్ల దూరంలోని మరో రేవులో చేపలు చాలక ధర మండిపోయేది. ఫోన్లు వచ్చాక పడవలు సముద్రం మీద ఉండగానే ధర తెలుసుకుని రేవు మార్చుకున్నాయి, రేవుల మధ్య ధరల తేడా తగ్గింది, పారబోత దాదాపు నిలిచిపోయింది, జాలరుల లాభం పెరిగింది, కొనేవారికి ధర కాస్త తగ్గింది. అక్కడి రోగం సమాచారం లేకపోవడం. మీ నాన్నగారి చేతిలో ఫోను ఉంది, అన్ని పరిశ్రమల ధరలూ ఆయనకు తెలుసు, అయినా వెళ్లడానికి మరో రేవు లేదు. పైకి రెండూ పాడైపోయే సరుకు కథలే అయినా రోగం వేరు, కనుక మందు కూడా వేరుగా ఉండాలి.

ఇప్పుడు మీ నాన్నగారికీ మేనమామకూ మధ్య వచ్చిన వాదం. కాయ ధర కిలో 6 రూపాయలు, దున్నకం, ఎరువు, మందుల కింద అప్పటికే పెట్టిన ఖర్చు కిలోకు 5 రూపాయలు, కోత కూలి, ట్రాక్టరు బాడుగ కలిపి కిలోకు 3 రూపాయలు అనుకుందాం. మొత్తం ఖర్చు 8, రాబడి 6, నష్టం 2 అని తేలుతుంది కాబట్టి కోయడం దండగ అనిపిస్తుంది. కానీ కాయ చెట్టుమీద ఉన్న రోజున ఆ 5 రూపాయలు కోసినా రావు, కోయకపోయినా రావు. అవి మునిగిపోయిన వ్యయం. ఆ రోజు తీసుకోవలసిన నిర్ణయానికి సంబంధించినవి రెండే అంకెలు: కోస్తే వచ్చే 6, కోయడానికి అయ్యే 3. కోస్తే కిలోకు 2 రూపాయల నష్టం, కోయకపోతే 5 రూపాయల నష్టం. ఈ అంకెల ప్రకారం మీ నాన్నగారికి లెక్క బాగా తెలుసు. అలాగని మీ మేనమామ పొరబడ్డారని కూడా నేను అనను. ఆయన తోట దూరంగా ఉండి, బాడుగ ఎక్కువై, కోత ఖర్చు కిలోకు 7 రూపాయలు పడితే వదిలేయడమే సరైన నిర్ణయం. గడిచిన ఖర్చును పక్కన పెట్టి, ఈ తర్వాతి అడుగు ఎంత తెస్తుంది, ఎంత తీసుకుంటుంది అని అడగడమే పుస్తకాలలో 'ఉపాంత' అనే మాట వెనుక ఉన్న ఆలోచన. ఇంటివాళ్లమే కోసుకున్నాం కాబట్టి కూలి ఖర్చు లేదనుకోవడం మాత్రం పొరపాటు. ఆ రోజు మరొకరి తోటలో కూలికి వెళితే వచ్చే డబ్బును వదులుకున్నారు కదా, అదే అవకాశ వ్యయం.

ఇక న్యాయం గురించి. తిరుపతిలో చదువుకుంటున్న మీకు దీన్ని తిరుమల క్యూతో చెప్పడం సులభం. ఒక రోజులో దర్శనం చేసుకోగలిగినవారి సంఖ్యకు హద్దు ఉంది, వచ్చేవారు అంతకంటె ఎక్కువ. ఆ కొరతను పంచడానికి అక్కడ ఒకటి కాదు, ఎన్నో పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. సర్వదర్శనానికి డబ్బు లేదు, కానీ గంటల తరబడి వేచి ఉండాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనంలో డబ్బుతో పాటు ముందుగా బుక్ చేసుకునే వీలు ఉండాలి. కొన్ని ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ లాటరీ తీస్తారు. ధర, వరుస, లాటరీ అనే మూడు పద్ధతులలో ఏదీ ఖర్చులేనిది కాదు. రోజు కూలి మీద బతికే మనిషి క్యూలో గడిపిన రోజుకు అతడు పోగొట్టుకున్న కూలే ధర. ఏ పద్ధతిలో ఎవరి మీద ఎంత భారం పడుతుందో ఆర్థికవేత్త లెక్కగట్టి చూపగలడు. ఆ భారాలలో ఏది న్యాయమో అతని లెక్క చెప్పదు, అది సమాజం తన విలువలతో తేల్చుకోవలసిన విషయం. అయితే లెక్క లేకుండా తేల్చుకుంటే, బీదవారికి మేలు చేస్తున్నామనుకుంటూ వారి నెత్తినే భారం వేసే ప్రమాదం ఉంది. అందుకే రెండూ కావాలి.

ఆర్థికవేత్తలకు మనుషులు కనబడరా అన్న మీ మాట నన్ను బాధించింది, ఎందుకంటే ఈ శాస్త్రాన్ని కట్టినవారిలో చాలామంది మనుషులను చూసే ఇటు వచ్చారు. ఆడం స్మిత్ గ్లాస్గోలో నైతిక తత్త్వశాస్త్రం బోధించిన ఆచార్యుడు. మీ పుస్తకంలోని డిమాండ్, సప్లయ్ పటాన్ని ప్రపంచానికి అలవాటు చేసిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్ మొదట చదివింది గణితం. సెలవులలో నగరాలలోని నిరుపేద వాడలకు వెళ్లి, వీధి తర్వాత వీధి తిరుగుతూ అక్కడివారి ముఖాలు చూసిన తర్వాతనే అర్థశాస్త్రాన్ని లోతుగా చదవాలని నిశ్చయించుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. 1943 బెంగాల్ కరవు నాటికి అమర్త్యసేన్ పదేళ్లయినా నిండని బాలుడు. పెద్దయ్యాక ఆయన ఆ కరవును పరిశోధించి, దేశంలో తిండి ఉన్నా దానిని కొనే శక్తి కూలీలకూ జాలరులకూ జారిపోయినప్పుడు లక్షలమంది చనిపోగలరని నిరూపించారు. డిమాండ్ అంటే ఆకలి అని అర్థం కాదు, కొనుగోలు శక్తి తోడున్న కోరిక అని మాత్రమే అర్థం. ఈ నిర్వచనాన్ని మీరు పరీక్ష కోసం బట్టీపట్టే ఉంటారు. దాన్ని మరోసారి చదవండి. మార్కెట్టు ఎవరి గొంతు వింటుంది, ఎవరిది వినదు అన్న సంగతి ఆ ఒక్క నిర్వచనంలోనే ఉంది.

ప్రభుత్వం చేసిన సాయాన్ని కూడా ఇదే కళ్లతో చూడాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలు ప్రకటించింది, అందులో 8 రూపాయలు పరిశ్రమలు ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం కలపాలి. ఉద్దేశం మంచిది. ప్రకటించిన ధరకు పరిశ్రమలు ఎంత కాయ కొంటాయి, మిగిలిన కాయ ఎక్కడికి పోతుంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అన్నవి ఆర్థికవేత్త వెంటనే అడిగే ప్రశ్నలు. ధర పెరిగినంత మాత్రాన కొనుగోలు పెరగదు, తగ్గే అవకాశమే ఎక్కువ. అదే సమయంలో పొరుగు రాష్ట్రాల తోతాపురి మన జిల్లాలోకి రాకుండా నిషేధించారు, దానిపై కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆ నిషేధం మీ నాన్నగారికి కొంత ఊపిరి ఇచ్చి ఉండవచ్చు. కానీ సరిహద్దుకు అవతల కోలారు జిల్లా శ్రీనివాసపురంలో మీ నాన్నగారి వంటి మరో రైతు, బహుశా తెలుగులోనే మాట్లాడే రైతు, అదే కాయను పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లెదుట ఉన్న మనిషితో పాటు కనబడని మనిషిని కూడా లెక్కలో చేర్చుకోవడం ఈ శాస్త్రం నేర్పే గొప్ప అలవాటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. నాకైతే నిషేధం కంటె నేరుగా రైతు ఖాతాలో పడే సాయమే మెరుగనిపిస్తుంది, అది మరో రైతు నోటిదగ్గరి కూడు తీయదు.

చెట్ల విషయంలో తొందరపడవద్దని మీ నాన్నగారికి చెప్పండి. ఇన్నేళ్లూ వాటిని సాకడానికి పెట్టిన డబ్బును బట్టి కాదు, అది ఎటూ తిరిగి రాదు. చూడవలసింది రాబోయే ఏళ్లలో ఈ తోట ఇచ్చేది ఎంత, అదే నేలలో వేరే పంట ఇచ్చేది ఎంత అన్నదే. ఆ పోలికకు ఒక్క చెడ్డ ఏడు చాలదు, కనీసం ఏడెనిమిదేళ్ల సగటు కావాలి. పైగా కొట్టిన చెట్టు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, కొట్టని చెట్టును వచ్చే ఏడైనా కొట్టవచ్చు. వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని ఆపి ఉంచడానికి కూడా ఒక విలువ ఉంది. పాత చెట్లకే కొమ్మలు కత్తిరించి వేరే రకం అంటుకట్టే పద్ధతి ఉంది కనుక, తోటలో కొంత భాగానికి దాన్ని ప్రయత్నించే విషయం ఉద్యాన శాఖ అధికారులతో మాట్లాడవచ్చు. అయితే జిల్లా అంతా ఒకేసారి తోతాపురి వదిలి బేనీషాకు మారితే బేనీషా ధర ఏమవుతుందో, ముందు చెప్పుకున్నదాన్ని బట్టి మీరే ఊహించగలరు.

మీ చదువుకు కూడా ఇదే లెక్క. ఇప్పటివరకు కట్టిన ఫీజును పక్కన పెట్టండి. మిగిలిన చదువు కాలంలో అర్థశాస్త్రం ఇచ్చేదీ, బి.కాం. కంప్యూటర్స్ ఇచ్చేదీ పోల్చండి. బి.కాం. తర్వాత ఉద్యోగం త్వరగా దొరికే వీలుంది, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు, నాన్నగారి మాటలో ఉన్న ఆందోళనను తేలికగా తీసుకోకండి. అర్థశాస్త్రంలో ఫలితం ఆలస్యంగా వస్తుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే ఎం.ఏ. చేయవచ్చు, ఆ తర్వాత యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు, బ్యాంకులూ పరిశోధన సంస్థలూ ఉన్నాయి. కానీ గణితం, గణాంక శాస్త్రం మీద పట్టు లేకుండా ఈ దారిలో ఎక్కువ దూరం పోలేరు. వాటికి కష్టపడే ఓపిక ఉంటే, ఇంట్లో మరో మూడు నాలుగేళ్లు ఆగగలిగితే మారవద్దనే నా సలహా. 'ఆ ధర సరైనదేనా' అని పాఠాన్ని నిలదీసిన విద్యార్థిని ఈ చదువుకు కావలసిన మనిషి.

ఈలోగా ఒక పని చేయండి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారిని అడిగి ఒక నోటుపుస్తకంలో ఏడాదివారీగా దిగుబడి, అమ్మిన ధర, కోత కూలి, బాడుగ, ఇంటివాళ్లు పనిచేసిన రోజులు, డబ్బు చేతికి అందిన తేదీ రాసుకోండి. మేనమామ తోటకూ, మరో నలుగురు రైతుల తోటలకూ అదే రాయండి. చివరి గడిని వదిలేయకండి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు 8 రూపాయలు ఆరు నెలల తర్వాత అందితే, ఆనాటి లెక్కలో అవి 7 రూపాయల 15 పైసల కంటె తక్కువే. ప్రకటించిన ధరకూ అందిన ధరకూ మధ్య ఉన్న ఈ తేడా ఎంతమందికి ఎంత ఉందో ఆ పుస్తకం చూపిస్తుంది, దాన్ని తీసుకెళ్లి మీ అధ్యాపకుల ముందు పెట్టండి.